నిలువుకాయ

పాపన్న చెట్టు మీద ఉన్నంతసేపు కదిరమ్మ కూర్చోదు. ఆమె ఒక్కతే కాదు, బత్తలపల్లి పక్క ఊళ్లలో చింతచెట్లు ఎక్కేవాళ్ల ఇళ్లలో ఏ ఆడమనిషీ కూర్చోదు. మగవాడు చెట్టుకు మొక్కి మొదలు పట్టుకున్నప్పటి నుంచి మళ్లీ నేలమీద పాదం మోపేదాకా పెళ్లామో, తల్లో, అక్కో, ఇంటి ఆడది ఒకతె చెట్టుకింద నిలబడే ఉండాలి. రాలిన కాయ ఏరడానికి వంగవచ్చు, నీళ్లు తాగవచ్చు, చంకలో బిడ్డ ఉంటే పాలివ్వవచ్చు. కూర్చోవడం మాత్రం లేదు. కూర్చుంటే ఏమవుతుందని అడిగితే ఎవరూ చెప్పరు. చెప్పడానికి నోరు రాదు.

అలా నిలబడినందుకు ఒక కూలి ఉంది. దోటి కర్రకు అందని కొనకొమ్మల కాయను ఎక్కినవాడు అన్నిటికంటే చివర్న దులుపుతాడు. అది చెట్టుగలాయన రాశిలో కలవదు, నిలబడినామె ఒడిలోకి పోతుంది. దాన్ని నిలువుకాయ అంటారు. దినకూలి పాపన్న చేతికి వస్తుంది, వచ్చిన దారినే పోతుంది. నిలువుకాయ మాత్రం కదిరమ్మది. ఇంటి పులుసుకు ఉంచుకోగా మిగిలినదాన్ని కొట్టి, గింజ తీసి, సంతలో అమ్మి, తనకు ఏం కావాలనిపిస్తే అది కొనుక్కుంటుంది. ఎందుకు కొన్నావని అడిగే హక్కు పాపన్నకు కూడా లేదు. ఏడాది పొడుగునా ఆమె తలెత్తుకుని ఖర్చుపెట్టే సొమ్ము అదొక్కటే.

ఈ ఏడు శివరాత్రి పోయి ఎండ ముదిరేసరికి బయ్యన్న తోపులోకి మిషను వచ్చింది.

బయ్యన్న తోపు బత్తలపల్లి దాటాక, ధర్మవరం దారికి కొంచెం లోపలగా ఉంటుంది. చెనిక్కాయ వేసి వేసి భూమి అలిసిపోయింది, మనిషీ అలిసిపోయాడు. వేసిన బోర్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. తాత నాటిన చింతచెట్లు మాత్రం వాన పడినా పడకపోయినా కాస్తూనే ఉన్నాయి. అందుకే ఆ కాయ దగ్గర బయ్యన్న పిడికిలి కొంచెం బిగువు. చెడ్డవాడని ఎవరూ అనరు. కూలి ఎగ్గొట్టడు, కూలివాళ్లలో ఎవరికైనా జ్వరమొస్తే ఆటో మాట్లాడి ఆసుపత్రికి పంపుతాడు. రాలిన కాయను మాత్రం ఒక్కటి వదలడు.

మిషను తెచ్చింది ఆయన కొడుకు శ్రీకాంత్. అనంతపురంలో వ్యవసాయ పనిముట్ల అంగడి నడుపుతాడు. చెట్లెక్కేవాళ్లకు పనికొస్తుందేమో చూసి చెప్పమని కంపెనీవాళ్లు దాన్ని అతనికిచ్చారు. చూడ్డానికి పెద్ద హంగేం లేదు. బొటనవేలంత లావు తాడు, దాన్ని కరచుకునే రెండు ఇనుప పట్లు, తొడలకూ నడుముకూ బిగించే బెల్టు. ఒక పట్టు రొమ్ము దగ్గర ఉంటుంది, ఇంకొకటి పాదాల దగ్గర. మోకాళ్లు ముడిచి లేచి నిలబడితే మనిషి మూరెడు పైకి పోతాడు. పట్టు పైకి జారుతుందే గాని కిందికి జారదు. దిగాలంటే పిడి నొక్కాలి. పిడి వదిలేస్తే ఉన్నచోటే ఆగిపోతుంది. శ్రీకాంత్ ఇసుకసంచి కట్టిన దారాన్ని పైకి విసిరి, లావుపాటి పంగ మీదుగా తాడు లాగి కట్టి, నేలకు జానెడెత్తున వేలాడి అందరికీ చూపించాడు.

"చెట్టును ముట్టకుండా ఎక్కేది అదేం ఎక్కడమప్పా," అన్నాడు పాపన్న. "మన బరువు చెట్టుకు తెలియల్ల. చెట్టు సంగతి మనకు తెలియల్ల."

"ఇన్నేండ్లు తెలిసింది చాల్లే. ఏసుకో," అంది కదిరమ్మ.

ఆమె భయం ఆమెది. పోయినేడు కొమ్మ విరిగి జారినప్పుడు పాపన్న కుడిచేతి మణికట్టు దెబ్బతింది. వాపు తగ్గింది గాని పట్టు తిరిగి రాలేదు. తడిగుడ్డ పిండలేడు. టీ గ్లాసు ఎడమచేత్తో అందుకుంటాడు. చెట్టెక్కేవాడి చెయ్యి పోయిందని తెలిస్తే ఎవరూ పిలవరు కాబట్టి తోపులో ఎవరికీ తెలియనీయకుండా నెట్టుకొస్తున్నాడు. ఆ పొద్దున పొయ్యి ముందు కూర్చుని కదిరమ్మ, "నాకోసరం ఏసుకో," అని అడిగింది. కాపురానికి వచ్చినప్పటి నుంచి తనకోసం అని ఆమె అడిగినవి చాలా తక్కువ. పాపన్న అప్పుడు తలగుడ్డ చుట్టుకుని బయటికి నడిచాడు. ఇప్పుడు మాత్రం తలగుడ్డ విప్పి ఆమె చేతికిచ్చి, శ్రీకాంత్ అందించిన హెల్మెట్ పెట్టుకున్నాడు.

"ఏం మామా, పెండ్లికొడుకు మాదిరి ఉండావే," అన్నాడు ఐజాక్. పాపన్న తర్వాత ఆ తోపులో చెట్లెక్కేది అతనే. పాపన్న హెల్మెట్‌తోనే వంగి చెట్టుమొదలుకు మొక్కేసరికి, "చింత చచ్చినా పులుపు చావల్యా," అని ఐజాక్ పెళ్లాం రెబెకా నవ్వింది.

పాపన్న ఎక్కాడు. మొదట్లో తాడు మీద బొంగరంలా తిరిగాడు, ఒకసారి వీపు వెళ్లి మానుకు కొట్టుకుంది. తర్వాత కాళ్లకు లయ దొరికింది. ముడవడం, లేవడం, ముడవడం, లేవడం. చేతులతో పని లేదు. ఎప్పుడూ ఆయాసపడుతూ చేరే పంగ దగ్గరికి ఊపిరి అందుతుండగానే చేరాడు. అక్కడ బెల్టులో చతికిలబడి, రెండు చేతులూ వదిలేసి, రెండు చేతులతోనూ ముఖం తుడుచుకున్నాడు.

కదిరమ్మ అది చూసింది. అంత ఎత్తులో ఆ మనిషి రెండు చేతులూ ఒక్కసారే వదలడం ఆమె ఎన్నడూ ఎరగదు. కింద నిలబడి ఆమె ఎప్పుడూ చూసేది ఆ చేతుల్నే. ఏ చెయ్యి దేన్ని పట్టుకుంది, రెండోది ఎప్పుడు వదులుతుంది, ఎక్కడికి పోతుంది అన్నదే లెక్క. ఇవాళ ఆ లెక్కతో పని లేకపోయింది. పాపన్న పైనుంచి, "మే, ఈడ గాలి బాగుండాదే," అని కేక వేశాడు. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే మోకాళ్లలోంచి ఏదో జారిపోయినట్టయింది. పక్కనే ఉన్న వేరు మీద కూర్చుంది.

కూర్చున్నానని ఆమెకు తెలియలేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ కాయ ఏరడానికి వంగబోయినప్పుడు, తాను అప్పటికే నేలకు దగ్గరగా ఉన్నానని తెలిసింది. గబుక్కున లేచింది. ఎవరూ చూడలేదనుకుంది.

సాయంత్రం పాపన్న కొనకొమ్మలు దులిపి దిగాక కదిరమ్మ కొంగు పరిచింది. రాశి దగ్గర నిలబడి గోతాలు నింపిస్తున్న బయ్యన్న ఆ కొంగు వంక చూశాడు.

"ఏంటికమ్మా అది?"

"నిలువుకాయకు అన్నా."

"నిలబడితే కదమ్మా నిలువుకాయ. నువ్వు కుచ్చుంటివి కదా."

గోతాలు కుట్టేవాళ్లు నవ్వారు. కదిరమ్మ కూడా అది వేళాకోళమే అనుకుని కొంగు అలాగే పట్టుకుని ఉంది. బయ్యన్న నవ్వలేదు. ఏదో కొత్త సంగతి తట్టినవాడిలా కాసేపు తాడు వంక, బెల్టు వంక చూశాడు.

"తప్పు పట్టుకుంటాండానని అనుకోవద్దు. న్యాయం మాట్లాడతాండా. పడతాడని భయం ఉండె, అందుకని నిలబడతాంటిరి, అందుకని కాయ ఇస్తాంటిమి. ఇప్పుడు భయమే లేదు. నీకే లేకపాయ, అందుకే కుచ్చుంటివి. ఇంక కాయ దేనికి? మిషనులో ఎక్కినోళ్లకు నిలువుకాయ లేదు. ఒట్టిచేతుల్తో ఎక్కినోళ్లకు ఎప్పటి మాదిరే ఉంటాది. ఏమప్పా, ఇందులో అన్యాయం ఉంటే చెప్పండి."

ఎవరూ చెప్పలేదు. వినడానికి అది న్యాయంలాగే ఉంది, అదే దాంతో వచ్చిన చిక్కు. "నాయనా, గుప్పెడు కాయకు ఇదంతా ఏంటికి," అన్నాడు శ్రీకాంత్. "నీ అంగడి లెక్కలు నువ్వు చూసుకో, తోపు లెక్క నేను చూసుకుంటా," అన్నాడు బయ్యన్న. కొనకొమ్మల కాయ రాశిలో కలిసింది. కదిరమ్మ ఖాళీ కొంగు దులుపుకుని భుజాన వేసుకుంది.

దీపాలు పెట్టే వేళకు రెబెకా బిడ్డను చంకనేసుకుని వచ్చింది. గడపలోనే నిలబడింది గాని లోపలికి రాలేదు. పాపన్న పంచలో మంచం మీద పడుకుని ఉన్నాడు.

"నువ్వు కుచ్చోకుండా ఉంటే బయ్యన్నకు మాట దొరికేది కాదత్తా," అంది.

"అవును."

"మా ఇంటాయన రేపు మిషను ఏసుకోని ఎక్కుతానంటాండాడు. నేను ఏమని చెప్పేది? మిషను ఏసుకో, కాయ పోతేపోనీ అనేదా? కాయ కావల్ల, ఒట్టిచేతుల్తో ఎక్కు అనేదా? ఏది చెప్పినా నా నోటితోనే చెప్పల్ల కదా."

కదిరమ్మ ముందటి చెట్ల నిలువుకాయ పెంకులు బండ మీద కొట్టి చేటలో వేస్తోంది. రాయి ఆగిపోయింది. పెళ్లాల ముందు బయ్యన్న ఏం పెట్టాడో ఆమెకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అనుకుంది. కాలింది తన చేతులొక్కటే అయినా బాగుండేది.

"నేనేదో అనల్లని రాలేదత్తా," అంది రెబెకా గొంతు తగ్గించి. "నువ్వు ఊరికే కుచ్చునే మనిషివి కాదని నాకు తెలీదా." బిడ్డ ఏడవడంతో ఆమె వెళ్లిపోయింది.

పంచలో మంచం కిర్రుమంది. పాపన్న అంతా విన్నాడు. కదిరమ్మ సంగటి పెడితే మాట్లాడకుండా తిన్నాడు.

మర్నాడు తోపులో శ్రీకాంత్ బెల్టు తెచ్చి ఇవ్వబోతే పాపన్న చేత్తో పక్కకు నెట్టాడు.

"మీ మిషను బాగుండాదప్పా. దాన్నేం అనేదానికి లేదు. ఈపొద్దుకు నేను ఇట్లే ఎక్కుతా."

"వద్దప్పా," అంది కదిరమ్మ. అతని ఎదురుగా నిలబడి, ఎవరికీ వినపడకుండా, "నీ చెయ్యి," అంది.

"నీ కాయ నీకు రావల్ల," అన్నాడు పాపన్న. "నన్ను చూసి నవ్వుకుంటా కుచ్చుంటివి. నీదేం తప్పు?"

అతను తలగుడ్డ బిగించి మానుకు మొక్కి ఎక్కాడు. కదిరమ్మ నిలబడింది. పాపన్న ఎక్కడంలో పాత నేర్పంతా ఉంది. పాదాలు బెరడు మీది బొడిపెల్ని వాటంతటవే వెతుక్కున్నాయి. కుడిచేతి పని ఎడమచేత్తో చేస్తున్నాడు, కుడిచేతిని ఊరికే ఆనించి ఉంచుతున్నాడు. కింద ఉన్నవాళ్లకు అది కనబడదు. కదిరమ్మకు ఇంకేమీ కనబడలేదు.

పొద్దెక్కేదాకా బాగానే జరిగింది. పాపన్న కొమ్మల మీద నిలబడి తొక్కి ఊపుతుంటే కాయ జలజల రాలింది, ఆడవాళ్లు ఏరారు. ఒక కొమ్మ మీంచి పక్క కొమ్మకు మారబోయి ఎడమచేత్తో దోటి అందుకోవలసివచ్చింది. ఆ ఒక్క క్షణం బరువంతా కుడిచేతి మీద పడింది. చెయ్యి విడిపోయింది.

కింద మొదట రాలింది బెరడు. తర్వాత దోటి కొమ్మలకు కొట్టుకుంటూ వచ్చి నేలలో దిగబడింది. పాపన్న ఎడమ మోచేతిని కొమ్మకు మెలేసి వేలాడుతున్నాడు. కాళ్లు గాలిలో తన్నుకుంటున్నాయి. ఐజాక్ మానువైపు పరిగెత్తాడు. బయ్యన్న నోట "పాపన్నా" అన్న మాట సగమే వచ్చింది. కదిరమ్మ అరవలేదు, కదల్లేదు. ఆ కాళ్లకు పంగ దొరకాలి, ఆమెకు లోకంలో ఇంకేదీ అక్కర్లేదు. దొరికింది. పాపన్న కొమ్మను కావలించుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"దిగప్పా, చాలు, దిగు," అని బయ్యన్న కేకలు వేశాడు. శ్రీకాంత్ తాడు పట్టుకుని, ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాడు. పాపన్న దిగలేదు. కొమ్మకు రొమ్ము ఆనించి పాకుతూ పోయి, కొనకొమ్మలు ఒక్కొక్కటే దులిపి, ఆ తర్వాతే దిగాడు. మోచేతి కింద తోలు ఊడి నెత్తురు కారుతోంది. కదిరమ్మ తలగుడ్డ చించి కట్టింది.

బయ్యన్న మాట తప్పే మనిషి కాదు. "కొనకాయ ఆయమ్మ ఒడిలో పోయండప్పా," అన్నాడు. పోశారు. ఎండకు బాగా పండి గలగలలాడే కాయ, చెట్టు మొత్తానికీ మేలైన కాయ. కదిరమ్మ ఆ ఒడి పట్టుకుని నడిచి వెళ్లి బయ్యన్న రాశి మీద కుమ్మరించింది.

"ఏమమ్మా? చెప్పినట్టే ఇచ్చినా కదా."

"ఇస్తివన్నా. నాకొద్దు. కాయ ఏరినట్టు లేదు, నా మొగుని ఎముకలు ఏరుకున్నట్టుండాది."

బయ్యన్న ముఖం నల్లబడింది. "అయితే మిషనులో ఎక్కమను. నేను వద్దన్యానా?"

"మిషనులోనే ఎక్కుతాడు. నేను నిలబడతా. నువ్వు కాయ ఇయ్యల్ల."

"మిషనుండంగా నువ్వు నిలబడేదేంటికి? నిన్ను నిలబడమని ఎవరడిగినారు?"

నిజమే, ఎవరూ అడగలేదు. అత్త నిలబడింది, అత్తకు అత్త నిలబడింది. పై మనిషి బతుకు కింద తన కాళ్ల మీద ఆనుకుని ఉన్నట్టు ఆమెకు ఎప్పుడూ తోచేది. దాన్ని మాటల్లో పెట్టి పదిమందిలో ఎలా చెప్పాలో తెలియలేదు.

"బతుకులో ఒక్కతూరి మోకాళ్లు సడలినాయన్నా," అంది చివరికి. "అది చూసి ఊర్లో ఆడోళ్లందరి కాయ గుంజుకుంటివి."

రెబెకా తన గంప తెచ్చి రాశి పక్కన బోర్లించింది. ఐజాక్ వంగి, పాపన్న వద్దన్నాక తన నడుముకు బిగించుకున్న బెల్టు విప్పి శ్రీకాంత్ చేతికిచ్చాడు. మిగతావాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ లేచారు.

"ఎక్కొద్దండి," అన్నాడు బయ్యన్న. గొంతులో కోపం కంటే అవమానం ఎక్కువగా ఉంది. "మీరు ఎక్కకపోతే కాయ చెట్టు మీదే ఎండిపోతాదనుకుంటాండారేమో. మిషనులో ఎవరైనా ఎక్కొచ్చు. రేపు శ్రీకాంత్ ఎక్కుతాడు, చూద్దురు రండి."

మర్నాడు రాకుండా ఉండలేకపోయారు. పనికి కాదు, చూడ్డానికే వచ్చి తోపు అంచున తుమ్మచెట్టు నీడలో గుంపుగా నిలుచున్నారు. కదిరమ్మకు రాత్రంతా కంటిమీద కునుకు లేదు. ఆ అబ్బాయి ఎక్కగలిగితే తమ అవసరమే తీరిపోతుంది. నిలువుకాయకని నోరు తెరిచి, అందరి దినకూలిని కూడా తానే పోగొట్టానేమో అన్న దిగులు ఆమెను తినేస్తోంది. రెబెకా ముఖం చూడలేక దూరంగా నిలబడింది.

శ్రీకాంత్‌కు ఇది ఇష్టంలేని పని అని ముఖమే చెబుతోంది. అయినా తండ్రి పదిమందిలో అన్న మాట. బెల్టు కట్టుకుంటుంటే పాపన్న గుంపులోంచి వెళ్లి, కట్టున్న చేత్తోనే అతని తొడల దగ్గర పట్టీలు లాగి చూశాడు.

"ఇది ఇంకొంచెం బిగించప్పా. కిందికి చూడొద్దు. తొందర పడొద్దు."

"నువ్వేమనుకోవద్దు పాపన్నా."

"అనుకునేదేముండాది. పో."

శ్రీకాంత్ ఎక్కాడు. మిషనుకు వంక పెట్టడానికి లేదు. చెట్టెక్కడం తెలియని మనిషిని కూడా అది మూర తర్వాత మూర పైకి తీసుకుపోయింది. పాపన్న ముఖంలో మెప్పు కూడా కనబడింది. బయ్యన్న నడుము మీద చేతులు పెట్టుకుని గుంపు వైపు చూశాడు. చూశారా అని అడగలేదు, అడగనక్కర్లేదు.

అప్పుడే సుబ్బరత్నమ్మ ఆటోలో వచ్చింది. మగవాళ్లకు అన్నం క్యారియరు తెచ్చింది. బయ్యన్న భార్య, శ్రీకాంత్ తల్లి. తోపుకు ఆమె రావడం అరుదు, వచ్చినా కాయ తూకాలప్పుడు వచ్చి పోతుంది. బయ్యన్న కోసం వేసి ఉంచిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, "శ్రీకాంత్ యాడ?" అంది. బయ్యన్న వేలెత్తి పైకి చూపించాడు. ఆకుల మధ్య నీలం చొక్కా, దాని కింద వేలాడుతున్న రెండు బూట్లు.

సుబ్బరత్నమ్మ లేచి నిలబడింది.

"ఏం కాదు, కుచ్చో," అన్నాడు బయ్యన్న. "పడేదానికి లేదు. మిషనుండాది."

"ఊఁ," అంది. కూర్చోలేదు.

"మూడురోజుల నుంచి చూస్తాండా, గట్టి మిషను. కుచ్చోమంటాంటే." ఆయన కుర్చీని ఆమె వెనక్కి జరిపాడు. కుర్చీ అంచు ఆమె మోకాళ్ల వెనక తగిలింది. ఆమె ఒక అడుగు ముందుకు వేసి నిలబడింది. మెడ వెనక్కి వాల్చి పైకి చూస్తోంది. చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. శ్రీకాంత్ కొనల దగ్గరికి చేరి, ఒక పక్కకు వాలి, కొమ్మ అందుకుని ఊపడం మొదలుపెట్టాడు. కొమ్మతోపాటు మనిషీ ఊగాడు. సుబ్బరత్నమ్మ పెదవులు కదులుతున్నాయి గాని శబ్దం లేదు.

కదిరమ్మ తుమ్మచెట్టు నీడలోంచి కదిలింది. తాను ఎందుకు పోతోందో ఆమె ఆలోచించలేదు. ఆ నిలబడడం ఆమెకు తెలిసిన నిలబడడం. పోయి ఆమె పక్కన నిలబడింది.

"అట్ల పైకి చూడొద్దమ్మా, మెడ పట్టుకుంటాది, కండ్లు తిరుగుతాయి," అంది మెల్లగా. "తాడును చూడండి. తాడు కదుల్తాంటే మనిషి బాగుండాడని."

సుబ్బరత్నమ్మ చూపు దించి తాడు వంక చూసింది. తాడు కదులుతోంది. ఆమె చెయ్యి వచ్చి కదిరమ్మ ముంజేతిని పట్టుకుంది. చల్లగా ఉంది, చెమటపట్టి ఉంది.

"నువ్వు ఇట్ల ఎన్నేండ్ల నుంచి నిలబడతాండావే?"

"పెండ్లైనప్పటి నుంచమ్మా."

వాళ్ల చుట్టూ కాయ రాలింది. ఏరే పని ఎవరూ పెట్టుకోలేదు. కుర్చీ వీపు పట్టుకుని వెనక నిలబడ్డ బయ్యన్న కాసేపటికి కుర్చీని వదిలేశాడు.

శ్రీకాంత్ పిడి నొక్కుతూ, ఆగుతూ దిగాడు. బూట్లు నేలకు ఆనాయి. "ఏం లేదమ్మా, చిన్నపిల్లోళ్లు కూడా ఎక్కొచ్చు," అని నవ్వుతూ బెల్టు విప్పుకోబోయాడు. సుబ్బరత్నమ్మ అప్పుడు కూర్చుంది. కుర్చీ దాకా పోలేదు. ఉన్నచోటనే, రాలిన కాయల మధ్య, మట్టిలో కూర్చుండిపోయింది.

కదిరమ్మ వంగింది. కొనకొమ్మల కింద పడ్డ కాయను రెండు చేతులతో ఏరి, తెచ్చి సుబ్బరత్నమ్మ ఒడిలో పోసింది. మళ్లీ వంగి, మళ్లీ ఏరి, మళ్లీ పోసింది.

"ఏందే ఇది?"

"మీ నిలువుకాయమ్మా. మీరు నిలబడితిరి. ఇది మీదే, ఎవరూ అడిగేదానికి లేదు."

సుబ్బరత్నమ్మ ఒడిలోకి చూసుకుంది. ఆ తోపులో ప్రతి చెట్టూ ఆమె ఇంటిదే. ప్రతి ఏడూ గోతాలకు గోతాలు ఇంటికి వస్తాయి. ఇది నాది అని ఆమె చేతిలో ఎవరూ గుప్పెడు కాయ పెట్టిన జ్ఞాపకం లేదు. ఒక కాయ తీసి వేళ్ల మధ్య తిప్పుతూ మొగుడి వంక చూసింది.

"మిషనుండాదని నాకూ తెలుసు," అంది. "కుచ్చుందామనే చూస్తి. కుచ్చోలేకపోతి."

బయ్యన్న దగ్గరికి వచ్చాడు. భార్య ఒడిలోని కాయను, పక్కనే నిలబడి ఉన్న కదిరమ్మ ఖాళీ కొంగును చూశాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. పక్కచెట్టు కాయభారంతో వంగి ఉంది.

"పాపన్నా," అన్నాడు, గుంపు వైపు చూడకుండా. "బెల్టు ఏసుకోని ఆ చెట్టు ఎక్కప్పా."

పాపన్న కదల్లేదు. కదిరమ్మ వంక చూశాడు. ఆ చూపు బయ్యన్నకు కనబడింది.

"ఆయమ్మ కాయ ఆయమ్మకేలే," అన్నాడు. "అందరి కాయ అందరికి. ఎక్కు."

పాపన్న బెల్టు అందుకున్నాడు. శ్రీకాంత్ తాడును పక్కచెట్టుకు మార్చి, పట్టీలు బిగించాడు. రెబెకా తాను నిన్న బోర్లించిన గంపను వెతుక్కుంటూ పోయింది. పాపన్న హెల్మెట్‌తోనే వంగి మానుకు మొక్కి, తాడు మీదికి కాళ్లు చేర్చాడు. కదిరమ్మ కొంగు నడుముకు దోపుకుని చెట్టు కిందికి నడిచింది. వెనక అలికిడైతే తిరిగి చూసింది. సుబ్బరత్నమ్మ ఒడి పట్టుకుని, మట్టిలోంచి లేవబోతోంది.

"మీరు కుచ్చోండమ్మా," అంది కదిరమ్మ. "ఇప్పుడు నిలబడేది నాది."